తాడిప్పని విల్లు

మనిషికి ఎన్ని పనులన్న రావచ్చు, కని ధర చెప్పుడు అందరికి రాదు. లక్ష్మీరాజానికైతే అసలే రాదు. సూరత్ లింబాయత్‌ల మన తెలంగాణోళ్ళ గల్లీలల్ల ఏ సాంచా, అంటె కరెంటు మగ్గం, ఆగిపోయినా "రాజన్నను పిలువుండ్రి" అంటరు. సాంచాలు బాగుచేసే జాబర్ పని ఆయనది. సాంచా చప్పుడు ఇని రోగం ఏందో చెప్తడు. గంతటి పనిమంతుడు, "ఎంత ఇమ్మంటవ్ అన్నా?" అంటె మాత్రం నేలకేసి చూస్తడు. పాపం, ఆయన తప్పేమున్నది? సిరిసిల్లల నేసినన్ని రోజులు మీటరుకింత అని ఒక సేటు చెప్పిండు. సూరత్ వచ్చినంక నెలకింత అని ఇంకో సేటు చెప్పిండు. ఈయన తల ఊపిండు. యాభై ఏండ్లు దాటినా గా తల ఊపుడే నడుస్తున్నది.

అసుంటి మనిషికి విల్లులు చేసే పిచ్చి పట్టింది.

ఎట్ల పట్టిందంటరా? కార్ఖానాల పాత సాంచాలు తీసేసి సేటు కొత్త మిషన్లు తెచ్చిండు. ఇనుమంత తుక్కోడు కొనుక్కపోయిండు, కట్టె సామానంత మూలకు పడ్డది. పాత సాంచాల పోగు మోసే నాడె ఇటు నుంచి అటు ఉరకాలంటె దాన్ని ఎనుక నుంచి ఒక కట్టె తంతది. పొద్దంత తంతది, వంగుతది, మల్ల నిలవడతది. ఆ కట్టెలను పారెయ్య మనసు రాక లక్ష్మీరాజం ఇంటికి మోసుకొచ్చిండు. ఓ ఐతారం డిండోలి దిక్కు పోతుంటె మైదానంల పిల్లలు విల్లు గుంజి బాణాలు కొడుతున్నరు. నిలవడి చూసిండు. వంగుడు, నిలవడుడు... అరె, ఇది మన కట్టె చేసే పనే గద అనుకున్నడు. రెండు కట్టెలు నడిమిట్ల అతికి, చెక్కి, గరుకు కాయితంతోని రుద్ది, పాలిస్టర్ నూలు పేని తాడు చేసి, మొదటి విల్లు తయారు చేసిండు. అటెనుక ఇంకోటి. అటెనుక ఇంకోటి. స్వరాజ్యం, అంటె ఆయన పెండ్లాం, "ముసలితనంల నీకు గీ వనవాసమేందయ్యా" అని నవ్వింది.

నవ్వింది కని, ఒక్క ముచ్చట కాడ గట్టిగ పట్టింది. మొదటి విల్లును ఆయన తాడు లేకుంట గోడకు తలిగేసిండు. ఆమె చూసి చెంపలేసుకున్నది. "ఉత్త కట్టెను గోడకు పెడతవా? మీ అవ్వ ఉంటె ఊకుంటుండెనా?"

ఊకోదు. ఆయన తల్లి వెంకటవ్వ బతికున్నన్ని రోజులు మగ్గం మీద పడుగు లేకుంట ఒక్క పూట ఉండనియ్యలే. బట్ట కోసినా పాత పోగుల కొసలు అట్లనే ఉంచి, కొత్త పడుగును వాటికే అతికేది. ఉత్త మగ్గం ఇంటికి అరిష్టం అనేది. లక్ష్మీరాజం నెత్తురుల సుత గదే మాట ఉన్నది. అందుకే తాడు కట్టిండు, గుంజి బిగించిండు. అప్పటి నుంచి గోడ మీద విల్లులన్ని ఎప్పటికి తాడు బిగువుతోనే ఉన్నయి. అట్ల చూస్తెనే ఆయన పానం నిమ్మళంగుండేది.

బిడ్డ విజయశ్రీ ఊకోక ఆ విల్లుల ఫోటోలు ఫోన్ల పెట్టింది. వారం తిరగకుంటనే ఉమాకాంత్ అనే ఆయన ఫోన్ చేసిండు. రింగ్ రోడ్డు మార్కెట్‌ల చీరల దలాలు, మనోడే, పద్మశాలి, కాకుంటె పుట్టుడు పెరుగుడు అంత సూరత్‌లనే. బిడ్డకు విల్లు కావాల్నట. ఐతారం వచ్చి చూస్తనన్నడు.

ఇగ చూడుండ్రి లక్ష్మీరాజం రంది! ధర ఎంత చెప్పాలె? స్వరాజ్యం పొయ్యి కాడ నుంచే, "కట్టె ఉత్తగొచ్చె, నూలు ఉత్తగొచ్చె, ఎనిమిదొందలను. అయ్యే ఎక్కువ" అన్నది. విజయశ్రీ, "పాగల్ గాకు బాపూ, ఆన్‌లైన్‌ల ఆరు వేలున్నయి" అన్నది. ఆయన తన పనికి కూలి లెక్క కట్టి చూసుకొని, వచ్చిన అంకెకు తనే జడుసుకున్నడు. అడిగితె గిరాకి నవ్వుతడేమో, అడగకుంటె మునుగుతనేమో. ఆఖరికి రెండు వేల ఐదొందలు అని ఖాయం చేసుకున్నడు. గడ్డం గీసుకుంట అద్దంల చూసి "రెండు వేల ఐదొందలు" అని అనుడు నేర్చుకున్నడు. అద్దం ముంగట బాగనే వచ్చింది.

ఉమాకాంత్ వచ్చిండు. విల్లును చేతుల పట్టుకొని, చీర అంచు చూసినట్టు అటు ఇటు తిప్పి, బొటనేలితోని రుద్ది చూసిండు. "ఎంతకిస్తవ్ అన్నా?"

లక్ష్మీరాజం నేలకేసి చూసిండు. "మీకు ఎంత తోస్తె అంత" అన్నడు. లోపట స్వరాజ్యం నెత్తి కొట్టుకునుడు బయటికి ఇనవడ్డది.

ఉమాకాంత్ పకపక నవ్విండు. "అన్నా, మార్కెట్‌ల గిట్లంటె నీ ఒంటి మీద అంగి సుత గుంజుకుంటరు. నాకు కాబట్టి సరిపోయింది." పదిహేనొందలు తీసి, మీద ఒక రూపాయి పెట్టి, "బోణీ బేరం, కాదనకు" అన్నడు. లక్ష్మీరాజం తల ఊపిండు. ఎప్పటి అలవాటాయె.

పోతపోత ఉమాకాంత్ అడిగిండు. "ఇరిగిపోదు గద అన్నా? పిల్ల గుంజుతది."

ధర చెప్పుమన్నప్పుడు రాని నాలుక గప్పుడు ఉరుక్కుంట వచ్చింది! "ఇరుగుడా? నా చేతి పని తమ్మీ. ఒక్కటే ముచ్చట యాదిల పెట్టుకో. తాడు ఇప్పకు. పడుగు లేని మగ్గం లెక్క దాన్ని ఉత్తగ ఉంచకు. ఇరవై ఏండ్లకు నాది గ్యారంటీ."

ఇంకోడైతె "తాడెందుకు ఇప్పద్దు?" అని అడుగుతుండె. ఉమాకాంత్ శాలోళ్ళ పిలగాడాయె, "మా నాయినమ్మ సుత గిదే అంటుండె అన్నా" అని సంబురపడి విల్లు భుజానికేసుకొని పోయిండు. గుడ్డోని చెయ్యి గుడ్డోడు పట్టుకున్నట్టయ్యింది.

ఎండలు ముదిరినయి. ఓ ఐతారం పొద్దుగాల ఇంకో గిరాకి ఫోటో అడిగిండని లక్ష్మీరాజం గోడకున్న మొదటి విల్లు తీసిండు. విజయశ్రీ ఫోన్ పట్టుకొని నిలవడ్డది. ఆయన తాడు పట్టి ఛాతి దాక గుంజిండో లేదో, ఫట్టుమన్నది. మీది కొస ఊడి ఎగిరిపోయి బియ్యం డ్రమ్ముకు తాకింది. డ్రమ్ము సొట్టవోయింది. రేకు డ్రమ్ము, జర ఆలోచించుండ్రి.

తల్లీబిడ్డలు లొల్లి చేస్తుంటె ఆయన ఇరిగిన ముక్కను కిటికీ కాడికి తీసుకపోయి చూసిండు. లోపలి దిక్కు, గుంజేటప్పుడు మొఖం వైపు ఉండే దిక్కు, అడ్డంగ సన్నసన్న గీతలు. మడత మీద నలిగిన బట్టకు పడ్డట్టు. పక్కనున్న రెండో విల్లు తీసి చూసిండు. దానికి సుత ఉన్నయి. విజయశ్రీ ఫోన్ల ఏదో వీడియో తెరిచింది. ఎవరో ముసలాయన బాణాలు కొట్టుడు అయిపోంగనే తాడు ఇప్పి విల్లును పక్కకు పెడుతున్నడు. "బాపూ, తాడు ఇప్పకుంటె కట్టె అలిసిపోతదంట. లోపటలోపట చితుకుతదంట. పైకి తెల్వదంట."

లక్ష్మీరాజం గుండెల రాయి పడ్డది. తాడు ఇప్పకు అన్నది ఎవరు? గ్యారంటీ అన్నది ఎవరు?

"ఆ పిల్ల," అన్నడు.

విజయశ్రీ ఉమాకాంత్ స్టేటస్ తెరిచి చూసింది. విల్లు పట్టుకొని నవ్వుతున్న పిల్ల ఫోటో. తాడు ఆమె బుగ్గకు ఆని ఉన్నది. కింద రాసిపెట్టిండు: ఇయ్యాల నాలుగింటికి మా సింధూజ పోటీ, ఆశీర్వదించుండ్రి.

ఆ బుగ్గ, ఆ కన్ను చూసి లక్ష్మీరాజం బిడ్డ చేతుల నుంచి ఫోన్ గుంజుకున్నడు. ఫోన్ చేసిండు. "తమ్మీ, ఆ విల్లు ముట్టకుండ్రి. నేనొస్తున్న. నీ పైసలు నీకిస్త, నా విల్లు నాకియ్యి."

అటు నుంచి ఉమాకాంత్ అడిగిండు. "ఎందుకన్నా?"

నా పని పాడయ్యిందని, నేను చెప్పింది తప్పని, ఫోన్ల అనబుద్ధి కాలే. ఇజ్జత్ అడ్డమొచ్చింది. "వచ్చి చెప్త" అని పెట్టేసిండు. గా ఒక్క మాట మింగుడే కొంప ముంచింది, ఎట్లనో చెప్త.

ఇంట్ల ఉన్న పైసలన్ని జేబుల పెట్టుకొని గల్లీ మొగదలకు ఉరికిండు. ఉమాకాంత్ ఉండే నవాగామ్ ఎంత దూరమని? కని షేర్ ఆటో నిండితెనే కదులుతది. ముగ్గురెక్కిన్రు, నాలుగోడు రాడు. "చలో భాయ్, ఖాళీ సీటుకు నేనిస్త" అంటె "బైఠో చాచా, ఆతా హై కోయీ" అని, ఎవరో ఒకరు వస్తరన్నట్టు, డ్రైవర్ గుట్కా నములుకుంట కూసున్నడు. పోటీ నాలుగింటికి గద, ఇంక మధ్యాన్నం సుత కాలే గద, అని మనసుకు చెప్పుకున్నడు. మనసు ఇంటదా? పోటీ ఉన్న పిల్ల పొద్దుగాల ప్రాక్టీసు చెయ్యదా? రెండు బాణాలు కొట్టి చూద్దామనుకోదా? గీ నిమిషంల గుంజుతున్నదేమో. తొవ్వల ఓ ఆడపిల్ల కంట్ల దుమ్ము పడ్డదని చున్నీ అడ్డం పెట్టుకుంటె, ఆటోల కూసున్న ఈయనకు చెమటలు పట్టినయి. రైల్వే గేటు దిక్కు రద్దీల ఆటో ఆగినప్పుడైతె దిగి ఉరుకుదామనుకున్నడు. వెంకటవ్వను తల్సుకున్నడు. తల్సుకొని, ఎన్నడు లేంది, తల్లి మీద కోపం తెచ్చుకున్నడు. మల్ల ఆ కోపానికి చెంపలేసుకున్నడు.

ఉమాకాంత్ ఇల్లు రెండో అంతస్తుల. ఆయాసపడుకుంట ఎక్కి చూస్తె విల్లు గోడ మీదనే ఉన్నది. పసుపు, కుంకుమ బొట్టు, బిగిచ్చిన తాడు. చెప్పిన మాట తప్పకుంట పాటించిన్రు. అది చూసి లక్ష్మీరాజం పానం లేచొచ్చింది, అంతల్నే మల్ల కూలవడ్డది.

ఉమాకాంత్ కాలు మీద కాలేసుకొని కూసున్నడు. మొఖంల చిన్న నవ్వు. "రా అన్నా, కూసో. చాయ్ తాగు. ఎవరా గిరాకి?"

"ఏ గిరాకి?"

"గదే, నాకంటె ఎక్కువిస్తనన్నోడు. బొంబాయోడా?"

"గిరాకి కాదు తమ్మీ. ఆ విల్లు ఇరుగుతది. ఇంట్ల నాదొకటి ఇరిగింది. తాడు ఇప్పకుమని నీకు తప్పు చెప్పిన."

"అన్నా," అని ఉమాకాంత్ చాయ్ కప్పు ముంగటికి జరిపిండు, "నేను ఇన్నేండ్ల నుంచి మార్కెట్‌ల తిరుగుతున్న. అమ్మినోడు సరుకు ఎనుకకు అడిగిండంటె రేటు పెరిగిందన్నట్టు. నువ్వు అమాయకునివనుకున్న, పర్లేదు, నేర్చుకున్నవ్."

లక్ష్మీరాజం జేబుల నుంచి పదిహేనొందలొక్కటి తీసి పెట్టిండు. ఉమాకాంత్ చూడనన్న చూడలే. "ఇంకో ఐదొందలు నా దిక్కెల్లి పట్టు" అన్నడు లక్ష్మీరాజం. గా మాటకు ఉమాకాంత్ తొడ చరుచుకున్నడు. "సూసినవా! పాడైన సరుకుకు ఎవడన్న ఎదురు పైసలిస్తడా?" ఈయన జేబులున్నదంత తీసి ముంగట పోసిండు. ఎంత పోస్తె అవతలోనికి అంత నమ్మకం కుదిరింది. అనుమానం పెనుభూతమని ఊకనే అన్నరా? ఆఖరికి ఉమాకాంత్ తన జేబుల నుంచే వెయ్యి తీసి ఈయన చేతుల పెట్టిండు. "తీస్కో అన్నా. నీకు నష్టం చేసుడు నాకు ఇష్టం లేదు. ఇగ ఆ ముచ్చట బంద్."

జిందగీల మొదటిసారి తన వస్తువు ధర పెరుగుతున్నది, లక్ష్మీరాజానికి ఏడుపొస్తున్నది.

"గీ గీతలు చూడు తమ్మీ." గోడ మీది విల్లు దించి లోపలి దిక్కు చూపిచ్చిండు. ఉన్నయి. సన్నగ, ఎంటిక లెక్క.

"కట్టె అన్నంక గీతలుండయా? ఇరవై ఏండ్లు గ్యారంటీ అన్నది నువ్వే, ఇరుగుతదంటున్నది నువ్వే. ఏ మాట నమ్మాలె నేను?"

లక్ష్మీరాజం విల్లును చేతులనే పట్టుకొని నిలవడ్డడు.

అంతల్నే లోపల్నుంచి సింధూజ వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల, జడ బిగిచ్చి కట్టుకొని, పోటీ బనీను ఏసుకొని తయారుగున్నది. "నమస్తే అంకుల్! ఎందుకు బుగులు వడుతున్నరు? నిన్న సుత కొట్టిన, కుఛ్ నహీఁ హువా, ఏం కాలే. మస్తుగున్నది విల్లు." అని, మైదానానికి జల్ది పోవాలని చెయ్యి చాపింది. ఎడమ బుగ్గ మీద సొట్ట పడ్డది నవ్వితె.

లక్ష్మీరాజం విల్లును ఎనుకకు గుంజుకున్నడు. "బిడ్డా, నువ్వు గా తలుపు ఎనుకకు పో. తమ్మీ, నువ్వు సుత. నేను గుంజి చూపిస్త. ఇరగకుంటె నువ్వన్నదే నిజం, నేను అబద్ధాలోణ్ణి, మెట్లు దిగి పోత."

తండ్రీబిడ్డలు తలుపు కాడికి పోయిన్రు. ఆయన తాడు పట్టి గుంజిండు, పిల్ల గుంజినంత, బుగ్గ దాక.

ఇరగలే.

వంగింది, మంచిగ గుండ్రంగ వంగింది, తాడు వదుల్తె నిలవడ్డది. "వాహ్!" అని ఉమాకాంత్ చప్పట్లు కొట్టిండు. "ఏం పని చేసినవన్నా! దీన్నా నువ్వు ఎనుకకు అడిగేది?"

నిజం చెప్పాల్నా? గా చప్పట్లకు లక్ష్మీరాజం లోపట ఒక్క రవ్వ సంబురమైంది. నా చేతి పని నిలవడ్డది అనిపిచ్చింది. చెప్పాల్సింది చెప్పిన, చూపియ్యాల్సింది చూపిచ్చిన, ఇగ వాళ్ళిష్టం, పోవచ్చు. పోతె ఎవ్వరేమంటరు? సింధూజ మల్ల ముంగటికొచ్చి చెయ్యి చాపింది. గా చెయ్యిని చూసి ఆయన సంబురం అక్కడికక్కడ సచ్చింది.

"ఇంకొక్కసారి బిడ్డా. ఎనుకకు పో."

ఈసారి గుంజి, వదల్లే. పట్టుకొని నిలవడ్డడు. భుజాలు వణికినయి, చెయ్యి గుంజింది, చెమట కండ్లల్లకు కారింది. విల్లు మొఖానికి జానెడు దూరంల ఉన్నది. కండ్లు మూసుకుందామనుకున్నడు, మూస్తె ఇంకింత బుగులైంది. ఇరుగు, అన్నడు మనసుల. ఇరుగు తల్లీ. నిన్ను చేసినోణ్ణి నేనే, మొక్కుతున్నోణ్ణి నేనే. గీ పిల్ల చేతుల ఇరగకు, నా చేతుల ఇరుగు. ఇంకింత గుంజిండు. ఎక్కడనో లోపట కిర్రుమన్నది.

ఫట్టుమన్నది.

కింది కొస ఎటో పోయింది. మీది ముక్క తిరిగొచ్చి కనుబొమ్మ మీద తాకింది. లక్ష్మీరాజం కూలవడ్డడు. నెత్తురు కంట్లకు దిగింది. చెయ్యి అడ్డం పెట్టుకొని, కన్ను తెరిచి చూసుకున్నడు. కనవడుతున్నది. ఉమాకాంత్ కనవడ్డడు, తలుపు కాడ పిల్ల కనవడ్డది.

సింధూజ ఏడువలే. బుగ్గ మీద చెయ్యి పెట్టుకున్నది, రోజు తాడు ఆనే జాగల. గా చెయ్యి తియ్యలే. "పప్పా," అన్నది మెల్లగ, "నేను నిన్న గిట్లనే ఆపి పట్టుకున్న."

ఉమాకాంత్ పసుపు డబ్బా తెచ్చిండు, గుడ్డ తెచ్చిండు, తెచ్చినయి ఏం చెయ్యాల్నో తెల్వక పట్టుకొని నిలవడ్డడు. ఆఖరికి అన్నడు, "నిజంగనే గిరాకి ఎవ్వడు లేడా అన్నా?"

"లేడు తమ్మీ."

"మరి నీ కన్ను పోతుండె గద!"

"నా కన్ను ఇన్నేండ్లు పోగులు చూసింది, ఇగ చాలు. పిల్లది ఇంక ఏం చూసిందని?"

గప్పుడు ఉమాకాంత్ ఏడ్చిండు. లక్ష్మీరాజం గుడ్డ తీసుకొని తనే కట్టుకున్నడు. పదిహేనొందలొక్కటి టీవీ పక్కకు పెట్టిండు, కింద వడ్డ తన మిగతా పైసలు ఏరుకున్నడు, ఉమాకాంత్ ఇచ్చిన వెయ్యి ఉమాకాంత్‌కిచ్చిండు. పోటీకి క్లబ్బోళ్ళ విల్లు ఏదన్న దొరుకుతదేమో సారును అడుగుమని పిల్లకు చెప్పిండు. ఇరిగిన ముక్కలు సంకల పెట్టుకొని తలుపు దాటుతుంటె ఉమాకాంత్ ఎనుక నుంచి అడిగిండు. "అన్నా, కొత్తది చేస్తవా? ఎంత?"

"నాలుగు వేలు" అన్నడు లక్ష్మీరాజం. అద్దం యాదికి రాలే, నేల చూడలే. "కొట్టుడైనంక తాడు ఇప్పుడు పిల్లకు నేనే కూసోవెట్టి నేర్పుత. అది గా ధరలనే."

"మూడు..." అని అలవాటుగ నోరు తెరిచిండు ఉమాకాంత్. పిల్ల ఆయన దిక్కు చూసింది. తెరిచిన నోరు అట్లనే మూసుకున్నడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాన్నం దాటింది. స్వరాజ్యం గడప మీదనే ఎదురుచూసుకుంట కూసున్నది. కనుబొమ్మ మీద గుడ్డ చూసింది, సంకల ముక్కలు చూసింది. నోటి మీద చెయ్యేసుకున్నది. "అయ్యో, ఇరిగిందా?"

"ఇరిగిందే," అన్నడు. "దేవుడు సల్లగుండ, నా చేతులనే ఇరిగింది." అని అక్కడ్నే, గల్లీల అందరు చూస్తుంటె, గడప మీద ఆమె పక్కకు కూలవడి చిన్న పిలగాని లెక్క ఏడ్చిండు. ఆమె ఊకుండవెట్టలే, ఈపు మీద చెయ్యేసి ఏడువనిచ్చింది.

లోపటికి పోయి చూస్తె గోడ మీద విల్లులన్ని ఉత్తగున్నయి. తాళ్ళన్ని ఇప్పి, చుట్టలు చుట్టి, వెంకటవ్వ ఫోటో ముంగట పెట్టి ఉన్నయి. ఇప్పొద్దని పట్టు పట్టిన మనిషే ఒక్కతి కూసొని ఇప్పింది. చేతి ఏళ్ళు కందిపోయినయి.

"అత్తమ్మకు దండం పెట్టి చెప్పిన," అన్నది స్వరాజ్యం, ఆయన దిక్కు చూడకుంట. "మగ్గం వేరు, ఇది వేరు, తప్పైతె నా మీద ఎయ్యుమన్న. చేతులు కడుక్కో, అన్నం పెడుత."